చిన్నాయన అడిగిన నంబరు

2025 జూన్ చివర్లో ఒక ఆదివారం పొద్దున పలమనేరు నుంచి చిన్నాయన ఫోన్ చేశాడు. వెనక జేసీబీ రొద. గట్టిగా అరిచి చెప్తే తప్ప వినపడటం లేదు.

"పాపా, తోతాపురి పెరికేస్తా ఉండా. నీలగిరి ఏద్దామనుకుంటా ఉండా. 413 ఏసేదా, 526 ఏసేదా? నువ్వు చెట్ల సదువు సదివినావు గదా, చెప్పు."

ఎందుకు పెరికేస్తున్నావని నేను అడగలేదు. ఆ నెలలో చిత్తూరు జిల్లాలో ఆ ప్రశ్న ఎవరూ ఎవర్నీ అడగలేదు. ఆ సీజన్లో కిలో తోతాపురి మామిడికి గుజ్జు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, కలిపి 12 అని కాగితం మీద ఉంది. ఫ్యాక్టరీ గేటు ముందర ట్రాక్టర్ల వరుస మాత్రం రోడ్డు మీద ఉంది. రెండు రాత్రులు ట్రాక్టరు కిందే పడుకుని వచ్చిన మనిషికి ముప్ఫై ఏళ్ల చెట్టు మీద కూడా మనసు విరిగిపోతుంది.

నన్ను ఆపింది ఆ నంబరు. ఫోన్‌కి ఏ రీచార్జి వేయించాలి, 299దా 349దా అన్నట్టు అడిగాడు. డిగ్రీ కాలేజీలో పదిహేనేళ్లుగా బోటనీ చెప్తున్నాను. జన్యుశాస్త్రం పాఠం వచ్చిన ప్రతిసారీ బఠానీ మొక్కలతో మొదలుపెట్టి బఠానీ మొక్కలతోనే ముగిస్తాను. ఇక్కడేమో ఏడో తరగతి చదివిన మా చిన్నాయన ఒక చెట్టు జన్యురూపాన్ని మూడంకెల నంబరుతో పిలిచి బేరమాడుతున్నాడు. "సాయంత్రం చెప్తా చిన్నాయనా" అని ఫోన్ పెట్టేశాను. సాయంత్రానికి తేలలేదు. ఈ పోస్టు రాసేటప్పటికి కొంత తేలింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నీలగిరి దేవతా దెయ్యమా అనే గొడవలోకి నేను పోను. క్లోన్ మొక్కలంటే (ఒకే చెట్టు కొమ్మల నుంచి పుట్టించినవి, ఒక్కో చెట్టు సంతతికి ఒక్కో నంబరు) నాకు భయమూ లేదు. నా అభ్యంతరం ఒక్కటే. పొలమంతా ఒకే నంబరు నాటడం, అది కూడా ఆ నంబరు ఎక్కడ పుట్టిందో, ఏ నేలలో గెలిచిందో అడగకుండా నాటడం. రైతు చేతికి మొక్కతో పాటు దాని పుట్టుపూర్వోత్తరాలూ రావాలి. అవి తెలిసినా సరే, ఒక్కదాని మీదే మొత్తం పెట్టకూడదు.

(నీలగిరి అంటే యూకలిప్టస్ చెట్టు. కోస్తావాళ్లు దీన్ని జామాయిల్ అంటారు. మా వైపు నీలగిరి అంటేనే తెలుస్తుంది కాబట్టి అదే రాస్తున్నాను.)

టెంక పెడితే బేనీషా వస్తుందా

ఈ విషయం చిత్తూరు జిల్లా రైతుకు ఎవరూ నేర్పనక్కర్లేదు. బేనీషా పండు తిని టెంక పాతిపెడితే వచ్చేది బేనీషా కాదని మా ఊళ్లో పిల్లలకు కూడా తెలుసు. ఏదో నాటు కాయ వస్తుంది, పీచు, పులుపు. నచ్చిన చెట్టు మళ్లీ కావాలంటే దాని కొమ్మే తెచ్చి అంటు కట్టాలి. చిన్నాయన చెయ్యి అంటు కట్టడంలో మంచి చెయ్యి. ఒకప్పుడు ఆ పని కోసం పక్క ఊళ్ల నుంచి మనుషులు వచ్చేవాళ్లు. జిల్లా మొత్తం మీద ఉన్న తోతాపురి చెట్లన్నీ ఎప్పటిదో ఒక మాతృవృక్షం కొమ్మలే. అంటే క్లోన్లే. ఆ మాట మనం వాడం, అంతే.

అలాంటి మనిషి 2012లో నీలగిరి దగ్గర మోసపోయాడు. రోడ్డు పక్క నర్సరీలో "క్లోన్ మొక్కలు" అన్న బోర్డు చూసి తూర్పు కయ్యలో ఎకరన్నరకు వెయ్యి మొక్కలు తెచ్చి నాటాడు. మూడు మీటర్లకొక సాలు, సాలులో రెండు మీటర్లకొక మొక్క. ఆ లెక్కన ఎకరాకు 670 పైచిలుకు పడతాయి.

2015 ఎండాకాలం సెలవులకు పోయినప్పుడు ఆ తోపులో తిరిగాను. లోపలికి నాలుగడుగులు వేయగానే అనుమానం వచ్చింది. ఒక మానుకు బెరడు నున్నగా, బూడిద తెలుపుతో ఉంది. పక్కదానికి మొదట్లో గరుకుగా పెచ్చులు కట్టి ఉంది. ఒకటి నిటారుగా పోతే ఇంకొకటి ఛాతీ ఎత్తులోనే రెండుగా చీలింది. చున్నీ కొసకు ముడేసి ఒక సాలులో వరసగా మాన్ల చుట్టుకొలత చూసుకుంటూ పోయాను. కొన్నిటికి ముడి ఎక్కడికో పోతోంది, కొన్నిటికి నా మణికట్టు దగ్గరే ఆగిపోతోంది. ఒకే నేల, ఒకే వాన, ఒకే రోజు నాటినవి. ఆకులు నలిపి వాసన చూస్తే అదీ చెట్టుకొక తీరుగా ఉంది. క్లోన్ తోట అలా ఉండదు. అందులో నడిస్తే అద్దాల గదిలో నడిచినట్టు ఉంటుంది. కొమ్మ విడిచే కోణం, బెరడు ఊడే తీరు, చిగురు రంగు, అన్నీ ఒకటే.

"ఇవి గింజ మొక్కలు చిన్నాయనా. నీకు టెంక మామిడి అమ్మినారు" అన్నాను.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మామిడైతే నేనే కనిపెట్టేసేవాణ్ణి. అంటు కాడ మచ్చ ఉంటాది. దీనికి మచ్చ యాడుంది?" అన్నాడు.

న్యాయమైన మాట. కొమ్మ ముక్కకు వేళ్లు పుట్టించి చేసిన మొక్కకు అతుకు ఉండదు. చిన్న ట్రేలో జానెడు మొక్కగా ఉన్నప్పుడు గింజదీ కొమ్మదీ పక్కపక్కన పెడితే, పని తెలిసినవాడు కాండం కింద చూసి చెప్పగలడేమో. బండి మీద వెయ్యి మొక్కలు ఎత్తించుకునే రైతు చెప్పలేడు. ఆ లోటులోనే ఆ నర్సరీవాడు బతికాడు.

నందికొండ చుట్టాలు

గింజ మొక్క అంటే మరీ అంత చులకన ఎందుకు, ప్రకృతిలో అన్నీ గింజ మొక్కలే కదా అని మా విద్యార్థి ఒకడు అడిగాడు. మంచి ప్రశ్న. జవాబు మాకు దగ్గర్లోనే ఉంది. మదనపల్లి నుంచి చింతామణి మీదుగా పోతే నందికొండ (నంది హిల్స్) వస్తుంది. 1790 ప్రాంతంలో టిప్పు సుల్తాన్ అక్కడి తోటలో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన నీలగిరి జాతులు కొన్ని నాటించాడు. నీలగిరి కొండల్లో వంటచెరుకు కోసం పెద్ద ఎత్తున వేయడం ఆ తర్వాత, 19వ శతాబ్దం మధ్యలో. స్వాతంత్ర్యం వచ్చాక మైదానాల్లో తోటలు వేయాలనుకున్నప్పుడు దేశమంతా పాకిన "మైసూరు గమ్" విత్తనానికి మూలం నందికొండ మీది కొద్దిపాటి చెట్లే. దాన్ని హైబ్రిడ్ అని పిలిచారు. ఎక్కువ భాగం యూకలిప్టస్ టెరిటికార్నిస్ అనే ఒకే జాతి, అక్కడక్కడ వేరే జాతుల కలగలుపు.

చిక్కంతా ఆ కొద్దిపాటి చెట్ల దగ్గరే మొదలైంది. నీలగిరి పువ్వు తన పుప్పొడితో తానే కాయ కట్టగలదు, పక్క చెట్టు పుప్పొడితోనూ కట్టగలదు. పక్క చెట్టు కూడా తోబుట్టువే అయితే ఏం జరుగుతుందో మేనరికాల ఊళ్లలో పుట్టిన మనకు వివరించనక్కర్లేదు. (ఈ మాట క్లాసులో అన్నప్పుడు ముందు బెంచీలో ఇద్దరు తలదించుకున్నారు. ఇప్పుడు అనడం మానేశాను.) స్వపరాగంతో పుట్టిన నీలగిరి మొక్కలు బతుకుతాయి, కానీ ఎదగవు. అడవిలో అయితే అవి బలమైనవాటి నీడన చిన్నప్పుడే చచ్చిపోతాయి. తోటలో వాటికి కూడా ఆరు చదరపు మీటర్ల చోటు ఇచ్చి, కలుపు తీసి బతికించుకుంటాం. చిన్నాయన తూర్పు కయ్యలో మణికట్టంత మాన్లలో కొన్నయినా అలాంటివే అయ్యుంటాయి.

2014లో ఒక నీలగిరి జాతి జన్యుపటం మొత్తం చదివి ప్రచురించారు. 11 జతల క్రోమోజోములు, 36 వేల పైచిలుకు జన్యువులు. చదవడం సులువవుతుందని బ్రెజిల్లో స్వపరాగంతో పుట్టిన చెట్టునే ఎంచుకున్నారు. దాంట్లో తేలిన ఒక సంగతి నాకు భలే నచ్చింది. అప్పటిదాకా చదివిన మొక్కలన్నిటిలోకీ తైలాలు తయారుచేసే జన్యువుల వైవిధ్యం దీంట్లోనే ఎక్కువ. తూర్పు కయ్యలో ఆకులు నలిపి నేను ముక్కుతో పట్టుకున్న తేడా అందులోంచే వచ్చుంటుంది.

చెరువు కట్ట మీది చెట్టు

మరి మంచి చెట్టును ఎలా పట్టుకుంటారు? తోటల్లో తిరిగి, అన్నిటికన్నా ఎత్తుగా, నిటారుగా, జబ్బు లేకుండా ఉన్నదాన్ని గుర్తిస్తారు. కొట్టేస్తారు. నరికిన మోడు నుంచి పిలకలు వస్తాయి. ముదురు కొమ్మకు వేళ్లు పుట్టవు, మోడు పిలకకు పుడతాయి, ఆ పిలకలో లేతదనం ఉంటుంది. ఆ పిలకల్ని రెండాకుల ముక్కలుగా కత్తిరించి, మొదలు హార్మోను పొడిలో అద్ది, మంచులా నీళ్లు చల్లే గదిలో పెడతారు. కొన్ని వారాలకు వేళ్లు వస్తాయి. అక్కడితో అయిపోతే ఎవరైనా చేస్తారు.

అసలు పని ఆ తర్వాతే ఉంది. చెరువు కట్ట మీది చింతచెట్టు ఎప్పుడూ గుబురుగానే ఉంటుంది. అది చెట్టు గొప్పా, చెరువు గొప్పా? ఎత్తు, లావు లాంటి గుణాల్లో నేల వాటా పెద్దది, జన్యువుల వాటా చిన్నది. కర్ర చిక్కదనంలో జన్యువుల వాటా ఇంకొంచెం ఎక్కువ. కాబట్టి అందంగా కనపడిన ప్రతి చెట్టూ మంచి చెట్టు కాదు. దాని కొమ్మల్ని వేరే నేలల్లో, వేరే చెట్ల కొమ్మల పక్కన వరసలుగా నాటి, ఏళ్ల తరబడి కొలిస్తే గానీ తేలదు. భద్రాచలం దగ్గర ఐటీసీ కాగితం మిల్లువాళ్లు 1990ల మొదట్లో రైతులకు ఇవ్వడం మొదలుపెట్టిన క్లోన్లు అలా వడపోసినవే. విత్తనపు తోట హెక్టారుకు ఏటా 6 నుంచి 10 ఘనమీటర్లు ఇచ్చే చోట మంచి క్లోన్ 20 నుంచి 25 ఇచ్చింది. 413, 526, 288 అని మనవాళ్లు నోటికొచ్చినట్టు చెప్పే నంబర్లు ఆ వడపోతలో మిగిలినవి. ఆ పని చేసినవాళ్ల ఓపికకు నేను దండం పెడతాను.

నా సందేహమల్లా అవి ఎక్కడ గెలిచాయన్నదే. గోదావరి పక్క నేలలకూ పలమనేరు ఎర్ర గరుసు నేలకూ, అక్కడి వానకూ ఇక్కడి వానకూ పోలిక లేదు. ఒక నేలలో మొదటి ర్యాంకు తెచ్చుకున్న క్లోన్ ఇంకో నేలలో పదో ర్యాంకుకు జారడం వృక్ష ప్రజననం చేసేవాళ్లందరికీ తెలిసిన మామూలు సంగతే. నల్లరేగడికి వేరే క్లోన్లు, చౌడుకు వేరే క్లోన్లు సిఫారసు చేసేది అందుకే. నర్సరీలో మాత్రం నంబరు ఒక్కటే చెప్తారు, ఏ నేలకో చెప్పరు. చిన్నాయన కూడా "ఏది లావుగా పోతాది" అనే అడిగాడు. మిల్లువాడు కొనేది లావు కాదు, బరువు. తొక్క తీసిన కర్రను కాటా మీద పెట్టాక తెలుస్తుంది, లావుగా పెరిగి తేలిగ్గా ఉన్న మాను ఎంత పని చేసిందో.

పెరగడంలో జన్యువులదీ నేలదీ మాత్రమే కాదు, నర్సరీ ట్రేది కూడా వాటా ఉందని నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. 2021 నవంబరు వానలకు తిరుపతి ఎలా మునిగిందో గుర్తుంది కదా. ఆ వారమే మా ఊళ్లో ఒకాయన రెండేళ్ల క్లోన్ తోట సగం పడిపోయింది. అన్నీ ఒకే నంబరు, కాబట్టి నంబరుదే తప్పన్నారు ఊరంతా. నేను ఒక చెట్టు వేళ్ల దగ్గర మట్టి కడిగి చూశాను. వేళ్లన్నీ కలిసి అరచేతి పొడవున ఒక కోసుగా ముద్దకట్టి, ఒకదాని చుట్టూ ఒకటి జడలా పేనుకుని ఉన్నాయి. రెండేళ్లు భూమిలో ఉన్నా ఆ ట్రే అచ్చు పోలేదు. గడువు దాటిన మొక్కను నర్సరీలో అలాగే ఉంచి, తర్వాత అమ్మేశారు. కొమ్మ మొక్కకు ఎలాగూ తల్లివేరు ఉండదు. పక్కవేళ్లలో కొన్ని నిలువునా కిందికి దిగి ఆ పని చేయాలి. అవి దిగకముందే ముడిపడిపోయాయి. ఆ తప్పు ఏ జన్యువుదీ కాదు.

ఒక్క నంబరు మీద పందెం

ఇక నా అసలు అభ్యంతరం. ఎస్వీ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతున్న రోజుల్లో, 2007 ప్రాంతంలో, క్లాసుకు ఒక కొమ్మ తెచ్చారు. నీలగిరి చిగురు. ఆకు నడిమి ఈనె పొడవునా, కాడ మీదా చిన్న చిన్న బుడిపెలు, కొన్ని ఆకుపచ్చ, కొన్ని గులాబీ రంగు. ఆకు గిడసబారి ముడుచుకుపోయింది. బ్లేడుతో బుడిపెను కోస్తే లోపల తెల్లటి పురుగు పిల్ల. పెద్దదయ్యాక అది మిల్లీమీటరు పైచిలుకు పొడవుండే కందిరీగ అవుతుంది. పేరు లెప్టోసైబ్ ఇన్వేసా. ఇదీ ఆస్ట్రేలియాదే. చెట్టు ఇక్కడికొచ్చిన రెండు వందల ఏళ్లకు దాని పురుగు దాన్ని వెతుక్కుంటూ వచ్చింది. దక్షిణ భారతంలో 2001 ప్రాంతంలో కనపడింది, 2004లో శాస్త్రవేత్తలు దానికి పేరు పెట్టారు, ఆ తర్వాత రెండు మూడేళ్లకు నర్సరీలూ లేత తోటలూ గగ్గోలు. ఇంకో విశేషం, ఈ కందిరీగల్లో దాదాపు అన్నీ ఆడవే. మగ తోడు లేకుండానే గుడ్లు పెడతాయి. అంటే అదీ ఒక రకంగా క్లోనే. క్లోన్ తోట మీదికి క్లోన్ పురుగు.

అప్పుడు తేలిందేమిటంటే, ఈ పురుగు అన్ని క్లోన్లనూ ఒకేలా తినలేదు. కొన్ని పూర్తిగా గిడసబారిపోయాయి, పక్కనే కొన్ని దాదాపు ముట్టుకోనట్టు నిలబడ్డాయి. ఏది ఏ గుంపులో పడుతుందో పురుగు వచ్చేదాకా ఎవరికీ తెలియదు. వేగంగా పెరగడం కోసం ఎంచినవాళ్లు ఈ పురుగును ఎన్నడూ చూడలేదు కదా. తర్వాత దీని మీద బతికే ఇంకో బుల్లి కందిరీగను, అదీ ఆస్ట్రేలియాదే, తెచ్చి వదిలారు, ఉధృతి తగ్గింది. వచ్చే పురుగుకు విరుగుడు కూడా ఇలాగే దొరుకుతుందని నాకు నమ్మకం లేదు.

ఇప్పుడు నా వాదనకు నేనే ఎదురు చెప్పుకోవాలి. చిన్నాయన మోసపోయిన తూర్పు కయ్యలో, నాటిన తర్వాతి ఏళ్లలో ఒక పక్క కాస్త బుడిపెలు పట్టినా తోట మొత్తం మాత్రం పోలేదు. చెట్టుకొక తీరు కావడమే దాన్ని కాపాడింది. అలాగని మళ్లీ టెంక మొక్కలే నాటమని చెప్పగలనా? చెప్పలేను. ఆ తోపు కోతకొచ్చినప్పుడు మేస్త్రీ సగం మాన్లు పనికిరావని పక్కన పడేశాడు. ఆ రోజు చిన్నాయన ముఖం నాకు గుర్తుంది.

మధ్యదారి ఏమిటంటే నాలుగైదు మంచి నంబర్లు పక్కపక్కన పెట్టడం. దీని మీద చిన్నాయనతో పెద్ద వాదన జరిగింది.

"అన్నీ ఒకటే అయితే ఒకేపారి కోతకొస్తాయి పాపా. నాలుగు రకాలు ఏస్తే నాలుగుపార్లు లారీ యాడ తెచ్చేది?"

"నాలుగూ నాలుగైదేళ్లకే వస్తాయి చిన్నాయనా, కొంచెం ఎచ్చుతక్కువ అంతే. అన్నీ కలిపి ఒకేసారి కొట్టొచ్చు."

"కలిపి నాటితే లావుది సన్నదాన్ని మింగేస్తాది."

ఇది నిజం. వేర్వేరు క్లోన్లను ఒకే సాలులో కలగాపులగంగా నాటితే జోరుగా పెరిగేది పక్కదాని వెలుతురు లాగేసుకుంటుంది. అందుకే ఒక్కోదాన్ని ఒక్కో పట్టీగా వేయాలి. ఈ సంగతి పుస్తకంలో చదివి నేర్చుకున్నాను నేను. ఆయన వేరుశనగలో కంది సాళ్లు వేసే లెక్కతో చెప్పేశాడు.

బ్రెజిల్‌లో 1970ల చివర్లో క్లోన్ తోటల్ని మొదట పెద్ద ఎత్తున వేసినవాళ్లు కూడా ఒక కాండం తెగులు దెబ్బ తిన్నాకే ఆ దారి పట్టారు. తెగులును తట్టుకున్న చెట్ల నుంచి కొమ్మలు తీశారు. ఆ పనికి 1984లో స్వీడన్ వాళ్లు వాలెన్‌బర్గ్ బహుమతి ఇచ్చారు. అక్కడ క్లోన్ తోట పుట్టిందే తెగులు నుంచి తప్పించుకోవడానికి. అదే క్లోన్‌తో ఊరంతా నింపేసి కొత్త తెగులుకు తలుపు తీసిపెడుతున్నాం.

నీళ్ల సంగతి

ఇక్కడిదాకా చదివినవాళ్లు "ముందు నీళ్ల గురించి చెప్పమ్మా" అనుకుంటూ ఉంటారు. తప్పించుకోను.

కోలారు జిల్లా మాకు పక్కిల్లు. 1980ల్లో కర్ణాటక రైతులు నీలగిరి నారు పెరికి పారేసిన కథలు మా తాత చెప్పేవాడు. 2017లో ఆ ప్రభుత్వం కొత్తగా నీలగిరి నాటడాన్నే నిషేధించింది. సరిహద్దుకు ఇవతల మేము నాటుతూనే ఉన్నాం. కోలారుకు పోయే దారిలోనే ఉన్న హొసకోటె దగ్గర 1990ల్లో శాస్త్రవేత్తలు ఒక నీలగిరి తోట నీటి లెక్క తీశారు. మూడేళ్లలో పడిన వాన 2100 మిల్లీమీటర్లు. ఆ తోట వాడింది 3400. ఆ మిగతా 1300 ఎక్కడివి? వేళ్లు ఏడాదికి రెండున్నర మీటర్లకు పైగా కిందికి దిగుతూ, ఎన్నేళ్ల నుంచో లోతు మట్టిలో నిలవున్న తేమను తోడుకున్నాయి. అదే పరిశోధకులు లోతు తక్కువగా ఉన్న నేలలో చూస్తే నీలగిరి వాడకం అక్కడి మామూలు ఆకురాల్చే అడవిని మించలేదు.

ఈ రెండు ఫలితాలూ నిజమే. గొడవపడే ఇద్దరూ చెరొకటి పట్టుకుని అరుస్తుంటారు. నాకు అర్థమైంది ఏమిటంటే, చెట్టు ఎంత తాగుతుందనేది దాని కింద ఎంత మట్టి ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇంకో ఇబ్బంది, మనం ఎంచుకునే గుణం కూడా అదే వైపు తోస్తుంది. వేగంగా పెరగాలంటే ఎక్కువ ఆకు కావాలి, ఎక్కువ ఆకు అంటే ఎక్కువ నీళ్లు. కిలో కర్రకు తక్కువ నీళ్లు వాడే క్లోన్లు ఉండవచ్చు. కానీ కిలోలు రెట్టింపయితే ఆ పొదుపు ఎక్కడ నిలుస్తుంది? ఇక్కడ నా దగ్గర చిన్నాయనకు చెప్పే గట్టి జవాబు లేదు. మైదానాల్లో బాగా వచ్చిన యూకలిప్టస్ కమాల్డులెన్సిస్ దాని సొంత దేశంలో ఏటి గట్ల చెట్టు. ఏటి గట్టు చెట్టును తెచ్చి ఏరు లేని ఊళ్లో పెట్టుకున్నాం.

ఇదంతా చెప్తే చిన్నాయన ఓపిగ్గా విన్నాడు. ఆఖర్న అన్నాడు, "రాగి ఏస్తే ఏనుగులు తింటాయి. మామిడేస్తే ఫ్యాక్టరీవోడు తింటాడు. దీన్ని ఏదీ తినదు పాపా."

కౌండిన్య అభయారణ్యం అంచున ఉండే ఊరు మాది. 'గుంపు దిగింది' అన్న కబురు వచ్చిన రాత్రి టపాసుల సంచి పట్టుకుని చేలో కూర్చున్నవాళ్లకు నేను నీటి లెక్కలు చెప్పాలంటే గొంతు కాస్త సన్నబడుతుంది. కూలీలు దొరకరు, కొడుకు బెంగళూరులో ఉన్నాడు, ఈయనకు అరవై రెండు. నాలుగేళ్లు తలుపేసుకుని కూర్చోగలిగే పంట ఆయనకు కావాలి. మొదటి కోత తర్వాత మోడు నుంచి పిలకలు వస్తాయి, చెరకు కార్శిలాగా మళ్లీ రెండు మూడుసార్లు కోసుకోవచ్చు. నేను తిరుపతిలో జీతం తీసుకుంటూ ఆయన్ని ఆపడం ఏం న్యాయం?

అందుకే ఆపలేదు. బేరమాడాను. కుంట కింది కయ్యలో, బోరు పక్కన వద్దు. అక్కడ మట్టి లోతు, మనది కాక పక్కవాళ్ల బోర్లు కూడా ఉన్నాయి. అక్కడి తోతాపురి జేసీబీకి అందకుండా ఉండాలి. మెరక కయ్యలో రెండెకరాలు మాత్రం నీలగిరి. అక్కడ మూడడుగులు తవ్వితే గరుసు తగులుతుంది. నంబర్లు నాలుగు. నర్సరీవాడు నంబరు, కొమ్మ నాటిన తేదీ బిల్లు మీద రాసి సంతకం పెట్టాలి.

చివరిది పెద్ద రభస అయింది. మేము పోయిన మొదటి నర్సరీలో బిల్లు మీద "క్లోన్" అని మాత్రం రాసిచ్చాడు. నంబరు రాయమంటే "మాటంటే మాటే మేడం" అన్నాడు. చిన్నాయన బిల్లు వెనక్కిచ్చేసి బండెక్కాడు. రెండోచోట రాశారు. అక్కడ పనిచేసే అమ్మాయి ట్రే అంచున సుద్దతో వేసిన నంబర్లు చూపించింది. నేను అడగకముందే ఒక మొక్కను మెల్లగా బయటికి లాగి, తెల్లటి వేళ్లు ఇంకా చుట్టుకోలేదని చూపించింది. చిన్నాయన ఆ వేళ్లను అంటు మచ్చను చూసినట్టు దగ్గరికి పెట్టుకుని చూశాడు.

ఆగస్టులో నాటారు. నేను సెలవు పెట్టి పోయేటప్పటికి పట్టీలు కనపడుతున్నాయి. ఏ పట్టీ ఏ నంబరో మర్చిపోకుండా చిన్నమ్మ పాత చీర చించి సాలు కొసల్లో కర్రలకు కట్టారు, ఒకదానికి ఎరుపు, ఒకదానికి పసుపు, ఒకదానికి పచ్చ. నాలుగో రంగు లేక చిన్నాయన తువ్వాలు ముక్క కట్టాడు. దారిన పోయే పక్క కయ్య ఆయన ఆగి, జాతర యాడ అని అడిగాడు.